గిరీశం మాట, గురజాడ మాట

హోసూరు తాలూకాలో తెలుగు అయ్యవారుగా ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం బడి వదిలినాక పిల్లలకు ‘కన్యాశుల్కం’ చదివి వినిపిస్తున్నాను. వితంతు వివాహం గురించి గిరీశం ఉపన్యాసం దంచుతుంటే పిల్లలంతా ఒకటే నవ్వు. ఒక పిల్లవాడు మాత్రం నవ్వలేదు. “ఆయప్ప చెప్పేది మంచి మాటే కదా సార్, మరి ఏల నవ్వేది?” అని అడిగినాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. అన్నేళ్లుగా నేను నల్లబల్ల మీద “రచయిత ఉద్దేశం: సంఘ సంస్కరణ” అని రాసి, పిల్లల చేత ఎక్కించుకోమంటున్నాను. పరీక్షలో ఆ రెండు మాటలకు మార్కులు వస్తాయి. అయితే సంస్కరణే ఉద్దేశమైతే, ఆ మంచి మాటలను తెచ్చి ఒక మాయగాడి నోట్లో ఎందుకు పెట్టినట్లు? గైడు పుస్తకంలో దీనికి సమాధానం లేదు.

గురజాడ తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. 1897లో అచ్చైన మొదటి కూర్పుకు ఇంగ్లీషులో పీఠిక రాస్తూ రెండు సంగతులు చెప్పారు. ఒకటి సంఘ సంస్కరణకు తోడ్పడడం. రెండోది, తెలుగు భాష నాటకానికి పనికిరాదన్న అపోహను పోగొట్టడం. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు 1,034 అని, వాటిలో అయిదేళ్ల పిల్లలవి 99 అని, ఏడాది వయసు పసికూనలవి కూడా మూడు ఉన్నాయని ఆ పీఠికలోనే లెక్క చూపారు. ఆ లెక్క చదివినవాడికి ఉద్దేశం అనేది పరీక్ష జవాబుగా కనిపించదు. కడుపులో మంటగా తెలుస్తుంది.

కానీ పీఠిక చదివితే నాటకం చదివినట్లు కాదు. నాటకంలో మాట్లాడేది గురజాడ కాదు, పాత్రలు. అందుకే పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పాలి. ఈ మాట ఎవరు అంటున్నారు? అనడం వల్ల వాళ్లకేమి లాభం? కథ ముగిసేసరికి ఆ మాట గతి ఏమైంది?

గిరీశాన్ని ఈ ప్రశ్నలతో పట్టి చూడండి. సానులను తిట్టేవాడే మధురవాణి పంచ చేరినాడు. వితంతు వివాహం గురించి చెప్పేవాడి కన్ను బుచ్చమ్మ మీద, ఆమె ఆస్తి మీద ఉంది. చివరకు ఏమైంది? నిజం తెలిశాక సౌజన్యారావు పంతులు వాణ్ణి నమ్మలేదు. బుచ్చమ్మను చదువుకు పంపే ఏర్పాటు చేశాడు. సంస్కరణ నిలిచింది, దాన్ని అమ్ముకోవాలనుకున్నవాడు పోయాడు. మంచి మాటను దొంగ అన్నాడని మాటను వదలకూడదు, మాట మంచిదని దొంగను నమ్మకూడదు. ఆనాటి పిల్లవాడి ప్రశ్నకు ఇదే నా జవాబు. చెప్పడానికి నాకు వారం రోజులు పట్టింది.

పుస్తకం అచ్చైనాక అది పాఠకుడి సొత్తు, రచయిత మనసుతో మనకేమి పని అనేవారున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. 1909లో గురజాడే ఆ నాటకాన్ని చాలా మట్టుకు తిరగరాశారు. రచయిత ఉద్దేశం కూడా ఒకచోట ఆగి ఉండదు. కన్యాశుల్కం పోయి వరకట్నం రాజ్యమేలే కాలంలో మనం ఆయన ఊహించని అర్థాలు చదువుకుంటాం. తప్పు లేదు. అయితే ఎదుటివాడి మాట పూర్తిగా వినకుండా తీర్పు చెప్పడం ఊరి పంచాయితీలోనే అన్యాయం. పుస్తకం దగ్గర మాత్రం న్యాయమెట్లా అవుతుంది? ముందు వినాలి. విన్నాక ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు.

వినడం పిల్లవాడే చెయ్యాలి. వాడి బదులు నేను విని, సారం పిండి ఇస్తే, వాడికి చేరేది గురజాడ మాట కాదు, నా మాట. వెంకటేశానికి గిరీశం చేసింది అదే కదా! శిష్యుడు గురువు మాటలు అప్పజెప్పడం నేర్చాడు, వాటిని తూచడం నేర్వలేదు.

రాష్ట్రం వెలుపలి తెలుగువాళ్లకు ఈ సంగతి మరీ దగ్గరిది. హోసూరులోనైనా, బరంపురంలోనైనా, బళ్లారిలోనైనా మన పిల్లల్లో చాలామందికి తెలుగు అంటే రోజుకు ఒక పీరియడు. ఆ కాస్త వేళలోనూ ఎవరో పిండిన సారమే చేతికిస్తే, భాష వాళ్లకు మార్కులుగానే మిగులుతుంది. తెలుగుతో ఇంత పెద్ద పని జరుగుతుందని నిరూపించడం గురజాడ రెండో ఉద్దేశం. అది నెరవేరిందో లేదో చెప్పవలసింది మన పిల్లలు.

ఆనాడు నవ్వని పిల్లవాడికి ఆ ఏడు తెలుగులో మార్కులు తక్కువే వచ్చినాయి. వేసినవాణ్ణి నేనే. ఆ సంగతి ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది.