పాత కాఫీ యంత్రం: మరమ్మతా, మార్పిడియా?

పుదుచ్చేరి పట్టణంలో సముద్రానికీ పెద్ద కాలువకూ నడుమ ఉన్న పాత వీధులలో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంటి వంటగదిలో ఇత్తడి ఫిల్టరు పక్కనే ముప్ఫై ఏళ్ళనాటి ఎస్ప్రెస్సో యంత్రం ఒకటి ఉన్నది. ఒకనాటి ఉదయం కాఫీపొడి వేసే పిడిగిన్నె అంచుల వెంట నీరు కారనారంభించింది. బాగుచేయించాలా, కొత్తది కొనాలా? ప్రశ్న చిన్నదే. అయితే ఆ ఇంటివారు దానికిచ్చే సమాధానంలో వస్తువుపట్ల మనిషికి ఏదైనా బాధ్యత ఉన్నదా అన్న పెద్ద ప్రశ్న ఇమిడి ఉన్నది.

మిలాన్ నగరవాసి అకిల్లె గాజ్జా రెండవ ప్రపంచయుద్ధానంతరం రూపొందించిన యంత్రం ఆవిరిబలాన్ని వదలి, మీటతో కదిలే ముషలకం ఒత్తిడితో వేడినీటిని కాఫీపొడి గుండా పంపింది. నేటి గృహయంత్రాలలో అధికభాగం ఆ పనిని చిన్న విద్యుత్ పంపుకు అప్పగించాయి. వాతావరణ పీడనానికి దాదాపు 9 రెట్ల ఒత్తిడి, 25 నుంచి 30 సెకన్ల కాలం: ఇదీ లెక్క. ఇంతటి వేడినీ ఒత్తిడినీ బయటికి పొక్కనివ్వక ఆపేది ఒక రబ్బరు వలయం. ఏళ్ళ తరబడి వేడికి అది గట్టిపడి, పగిలి, నీటిని వదులుతుంది. కఠినజలం వాడితే బాయిలరు లోపల సున్నపు పొర పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీరు దానిని కరిగిస్తుంది. ఇక ఉప్పుగాలికి ఇనుపభాగాలు తుప్పుపట్టడం తీరవాసులకు చెప్పనక్కరలేదు. యంత్రం పని అయిపోయిందని ఇంటివారు నిట్టూర్చే వేళ, తరచు అయిపోయినది ఆ వలయం మాత్రమే.

వలయం మార్చవచ్చు. మరికొన్నాళ్ళకు పంపు, ఆపై మీట, ఆపై తీగలు మార్చవచ్చు. అప్పుడది పాత యంత్రమేనా? ‘మిలిందపన్హ’లో నాగసేన భిక్షువు మిలిందరాజును ఇటువంటి ప్రశ్నే అడిగాడు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? ఏదీ కాదని రాజు ఒప్పుకున్నాడు; భాగాల కూర్పును ఆశ్రయించి ‘రథం’ అన్న వ్యవహారం ఏర్పడిందన్నాడు. ఈ తర్కం మమకారం గలవారికి కొంత ఇబ్బందికరమే. యంత్రమంటూ వేరే ఏదీ లేనప్పుడు దానిని కాపాడటమేమిటి? కాని ముప్ఫై ఏళ్ళుగా ఆ కూర్పును నిలిపినది ఒకరి శ్రద్ధ. పొడి ఎంత మెత్తగా ఉండాలో, పంపు శబ్దం ఎప్పుడు మారిందో ఎరిగిన చెయ్యి ఒకటి ఆ ఇంట ఉన్నది. యంత్రాన్ని పారవేస్తే ఆ ఎరుకలో చాలాభాగం దానితోపాటే పోతుంది.

ఆ పట్టణమే ఈ చర్చకు ఇంకొక ఉదాహరణ ఇస్తుంది. శిథిలావస్థలో ఉన్న ‘మెయిరీ’ అనే పాత పురపాలక భవనం 2014 నవంబరు వర్షాలకు కూలిపోయింది. దానిని పూర్వరూపంలోనే తిరిగి నిర్మించి 2021లో ప్రారంభించారు. గోడలు కొత్తవి, పేరు పాతది. నాగసేనుడు ఆక్షేపించి ఉండడు. అయినా కూలక ముందు చేసే మరమ్మతుకూ, కూలిన తరువాత కట్టే ప్రతిరూపానికీ గల భేదం చూసేవారికి తెలుస్తూనే ఉంటుంది.

ప్రభుత్వాలకూ ఈ విషయం పట్టింది. ఫ్రాన్సు 2021 జనవరి నుంచి కొన్ని ఉపకరణాలపై, అవి ఎంత సులువుగా బాగుపడగలవో సూచించే అంకెను ముద్రించాలన్నది. భారత ప్రభుత్వం మరమ్మతు హక్కుకై 2022 డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభించింది.

అయితే పాతదంతా పూజనీయమన్న మాట కూడా నిలవదు. ఒకప్పుడు ఇత్తడి గిన్నెలకు ఏటా కళాయి పూయించేవారు. లేకుంటే పులుసు చిలుమెక్కేది. స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చి ఆ శ్రమను తొలగించింది. కళాయివాని కేక వినబడదని నేడు వగచేవారిలో గిన్నెలు తోమినవారు ఎందరు? కాఫీ యంత్రం విషయంలోనూ అంతే. తీగలపై తొడుగు పెళుసెక్కి, ఎర్త్ సరిగా లేక, బాయిలరు నుంచి నీరు లోపలే కారుతుంటే, యజమాని మమకారానికి మూల్యం చెల్లించేది యజమాని ఒక్కడే కాడు. రోజూ తడిచేత్తో దానిని తుడిచే పనిమనిషికి ఆ యంత్రంపై ఏ మమకారమూ లేదు; ఆమెను ఎవరూ అడగలేదు కూడా.

కనుక ఆ ఇంట ముందుగా జరగవలసినది ప్లగ్గు తీసి, యంత్రం చల్లారాక మూత విప్పి చూడటం. వలయం ఒక్కటే పోయి ఉంటే కొత్త వలయం తెప్పించాలి. తీగలు నల్లబడి ఉంటే, అవి మార్చేదాకా వంటగదిలో ఇత్తడి ఫిల్టరు ఎలాగూ ఉన్నది.