చంపవలెనని కాదు గాని



మా సంఘములోని ఒక లారీ డ్రైవరు ఒకనాటి రాత్రి మా యింటికి వచ్చి ఇట్లు అడిగెను: "అయ్యగారూ, నాలుగు రోజుల క్రితం తెల్లవారుజామున కునుకు పట్టి ఒక ముసలాయన్ని గుద్దాను. జనం కొడతారని భయపడి బండి ఆపలేదు. ఎవరూ చూడలేదు. చంపాలని చేయలేదు గదా, ఇది పాపమంటారా?" మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి.

ఈ సంగతిని గూర్చి లేఖనములు మౌనముగా లేవు. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో, కట్టెలు కొట్టుచుండగా గొడ్డలి ఊడి పొరుగువానికి తగిలి అతడు చనిపోయినయెడల, కొట్టినవాడు ఆశ్రయపురమునకు పారిపోయి బ్రతుకవచ్చును. నిర్గమకాండము 21వ అధ్యాయములో మరియొక సంగతి యున్నది. ఎద్దు పొడుచునదని తెలిసియు, ఇరుగుపొరుగువారు హెచ్చరించియు, యజమానుడు దానిని కట్టివేయక పోగా అది ఒకని చంపినయెడల, యజమానుడును దోషి యగును. అతడు తన చేతితో ఎవరిని కొట్టలేదు. అయినను అతనికి ముందుగా తెలియును.

బాగుగా చూచుకొన్న బండి టైరు హఠాత్తుగా పగులుట గొడ్డలి ఊడుట వంటిది. బ్రేకులు పట్టవని తెలిసియు, కన్నులు మూతపడుచున్నవని తెలిసియు, త్రాగియు బండి నడుపుట పొడుచు ఎద్దును విడిచిపెట్టుటయే. డ్రైవరుకు నిద్ర లేదని తెలిసియు కిరాయి కొరకు మరల పంపు యజమానుడును దీనిలో పాలివాడు. దీనికి విధియనియు దేవుని చిత్తమనియు పేరు పెట్టకూడదు.

దేశ చట్టమును ఇట్టి తేడాను చూపుచున్నది. 1870లో శిక్షాస్మృతిలో చేర్చబడిన 304-ఎ సెక్షను, నిర్లక్ష్యముచేత మరణము కలిగించినవానికి రెండేండ్ల వరకు ఖైదు విధించెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 106వ సెక్షనులో దానిని ఐదేండ్ల వరకు పెంచినది. 2006లో ముంబయిలో త్రాగి నడిపిన ఒకని కారు, రోడ్డు ప్రక్కన నిద్రించుచున్న కూలివారిమీదికి ఎక్కగా ఏడుగురు చనిపోయిరి. అది వట్టి నిర్లక్ష్యము కాదు, ప్రాణము పోవచ్చునని తెలిసి చేసిన పని యని 2012లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పి, మూడేండ్ల శిక్షను ఖాయపరచెను.

గుద్దిన తరువాత సంగతి యేమి? గాయపడినవానిని వైద్యుని యొద్దకు చేర్చవలెననియు, పోలీసులకు తెలుపవలెననియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. మూకకు భయపడి ఆగలేనివానిని గూర్చి కూడ అది తలంచినది. ఆ మూక ఎవరు? మనమే గదా! కోపముతో కఱ్ఱ పట్టుకొను మన చేతులే డ్రైవరును పారిపోజేయుచున్నవి. దానివలన గాయపడినవాడు దారిలో ఒంటరిగా మిగులుచున్నాడు. ప్రతిహత్య చేయువాని చేతికి చిక్కక సమాజము ఎదుట న్యాయ విచారణ జరుగవలెననియే దేవుడు ఆశ్రయపురములను ఏర్పరచెను.

ఆ రాత్రి మేము అతనితో ఇట్లు చెప్పితిమి: "యెరికో త్రోవలో దొంగలు గాయపరచిరి, యాజకుడును లేవీయుడును విడిచి పోయిరి. తమ్ముడా, నీవు ఆ రెండును చేసితివి. దేవుడు క్షమించును, గాని ఆ క్షమాపణ పోలీసు స్టేషనును తప్పించు దొడ్డిదారి కాదు."

తెల్లవారక ముందే అతనితో కూడ స్టేషనుకు వెళ్లితిమి. ప్రొద్దెక్కిన తరువాత ఎవరో ఆ ముసలాయనను ఆసుపత్రికి చేర్చిరనియు, ఆయన మూడవ దినమున చనిపోయెననియు అక్కడనే తెలిసెను. కేసు నడుచుచున్నది. ఆగియుంటే బ్రతికెడివాడేమో యను ప్రశ్న అతనిని నేటికిని విడువలేదు. దానికి మా యొద్దను జవాబు లేదు.

బండి నడుపు సహోదరులారా, నిద్ర వచ్చినచో ఆగుడి; గుద్దినచో మరి త్వరగా ఆగుడి. గ్రామస్థులారా, ఆగినవానిమీద చెయ్యి వేయకుడి. ప్రభువు మనకు ఆగు ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.