కోళ్లమందయు తొమ్మిదవ తరగతియు

క్రోసూరు

చిరంజీవి మనుమనికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

మీ తరగతిలో క్రొత్తగా చేరిన పిల్లవాని నత్తిని పదుగురు వెక్కిరించుచుండగా, నవ్వనిచో నిన్నును వెలివేయుదురను భయమున నీవును నవ్వితినని వ్రాసినావు. ఆ భయమును మన పెరటికోళ్లును ఎరుగును.

నార్వే దేశీయుడైన షెల్డెరుప్ ఎబ్బె అను పండితుడు, బాల్యమునుండి కోళ్లను కనిపెట్టి చూచి, మందలో ఏది దేనిని పొడవవచ్చునో నిర్ణయించు వరుస యొకటి కలదని 1922లో ప్రకటించెను. ఒకమారు కుదిరెనా, ఆ వరుసవలన గింజగింజకు పోరు తప్పును. క్రొత్తకోడి వచ్చినపుడు మరల కలహమే. నూకలు చల్లి చూడుము: పెద్దపెట్టచేత పొడిపించుకొన్న నడిమికోడి దానిపైకి తిరుగబడక, ప్రక్కనున్న బక్కదానిని పొడుచును. దేనికైన ఈక ఊడి నెత్తురు కనబడెనేని తక్కినవన్నియు అచ్చటనే పొడుచును గనుక, మీ నాయనమ్మ దానికి పసుపు పూసి వేరుగంప క్రింద మూయును. ఆ బాలునికి నత్తియే గాయము.

ఇది ప్రకృతిధర్మము గనుక తప్పదనుట సోమరివాదము. కెన్యా దేశపు మసాయిమారా అభయారణ్యమున, 1980ల నడుమ, యాత్రికుల విడిదిచెంతనున్న చెత్తకుప్పకై పోరాడిన దుడుకు మగ బబూన్‌కోతులు క్షయరోగముచే నశింపగా సాధువులు మిగిలినవి. ఏండ్లు గడచి, ఆ నాటి మగవేవియు మందలో మిగులని పిమ్మట, పరాయి మందలనుండి వచ్చి చేరిన మగవియు ఆ సౌమ్యవృత్తినే అలవరచుకొన్నవని సపోల్‌స్కీ, షేర్ అను శాస్త్రజ్ఞులు 2004లో వెల్లడించిరి. కోతులకు అలవడిన మర్యాద మీకలవడదా?

కోడిపందెమున ఓడి మాచెర్లవారు రాజ్యము విడిచిపోయిరన్న పల్నాటి వీరగాథయందే, బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి సర్వకులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన కథయు కలదు. పందెమును తలచువారు పెక్కురు. పంక్తిని తలచువారు కొందరు.

వెక్కిరించువానితో తగవు పెట్టుకొమ్మనను. అది పైమెట్టుకై మరియొక పోరగును. మధ్యాహ్నభోజనవేళ నీ పళ్లెము పుచ్చుకొని ఆ పిల్లవాని ప్రక్కన కూర్చుండుము. వాడు తడబడినపుడు నీవు మాట అందింపక, వాడే ముగించువరకు ఓపికతో వినుము. కొన్నాళ్లు నిన్నును నవ్వుదురు, ఓర్చుకొనుము. నవ్వించువాని బలమంతయు వంతపాడువారిది. వంతపాడువారు ఒకరొకరుగా తగ్గినకొలది వాని గొంతు తానే సన్నగిల్లును. మొదట తగ్గవలసినవాడవు నీవు.

ఇట్లు,
నీ తాత