దయ చాలదు, దారి కావాలి

మూడు చక్రాల బండిపై పింఛను పనిమీద ఒక కార్యాలయానికి వచ్చిన యువకుణ్ణి ఆ మధ్య చూచాను. గుమ్మానికి ఆరు మెట్లు. ఇద్దరు కుర్రవాళ్ళు అతణ్ణి ఎత్తుకొని లోపలికి చేర్చారు. చూచినవారందరూ వారిని మెచ్చుకొన్నారు. అతడు మాత్రం తల వంచుకొనే ఉన్నాడు. ఎందుకు?

కఫర్నాములో నలుగురు మనుష్యులు పక్షవాత రోగిని ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందు దించారు. వారి ప్రేమను ప్రసంగాల్లో పొగడుతాం. వాకిట అతనికి దారి ఎందుకు లేకపోయిందని ఎన్నడైనా అడిగామా?

ఎత్తుకొని వెళ్ళడం దయ. ర్యాంపు కట్టడం న్యాయం. ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వడమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు బోధ. తీర్చవలసిన బాకీని దానంగా ఇస్తే, పుచ్చుకొనేవాడు తల వంచుకోక ఏం చేస్తాడు?

ఇది నిజంగా బాకీయే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, నియమాలు వెలువడిన ఐదేళ్ళలో పాత ప్రభుత్వ భవనాలను కూడ అందరూ ప్రవేశించగలిగేలా మార్చాలి. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022లోనే తీరిపోయింది. ఈ ప్రమాణాలు వట్టి సూచనలుగా మిగలరాదనీ, తప్పనిసరి నియమాలు కావాలనీ 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ నివేదిక ఆ తీర్పుకు తోడ్పడింది.

బాకీ లెక్క అడగడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో రావికమతం వంటి మండల స్థాయి కార్యాలయానికి రుసుము 5 రూపాయలు, గ్రామస్థాయిలో రుసుమే లేదు. కారణం చెప్పనక్కరలేదు. వ్రాయలేనివారికి అధికారియే సాయపడాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. అయితే "ర్యాంపు ఎందుకు కట్టలేదు?" అని నిలదీయకండి. "ర్యాంపు మంజూరు ఉత్తర్వు, ఖర్చు లెక్క, తనిఖీ నివేదికల నకళ్ళు ఇప్పించండి" అని వ్రాయండి. ఉన్న కాగితాలు ఇవ్వడమే చట్టం విధించిన పని. కాగితం లేదన్న జవాబూ ఒక సాక్ష్యమే.

"మనకెందుకు ఫాదర్ తగాదా? ఆఫీసరుగారికి కోపం వస్తుంది" అంటారు కొందరు. గృహనిర్వాహకుణ్ణి లెక్క అడగడం అవమానం కాదు. నమ్మకమైనవాడు లెక్కకు వెరవడు.

ఒక మాట చెప్పి ముగిస్తాను. మా దేవాలయానికి నాలుగు మెట్లు. ఒక ముసలి తల్లి ప్రతి ఆదివారం వేపచెట్టు క్రిందనే కూర్చొని పూజ వింటుంది. గాలికోసం కాబోలనుకొన్నాను. మొన్న అడిగాను. "మోకాళ్ళు రావు బాబూ" అన్నది. ఏ సమాచార చట్టమూ నన్ను ప్రశ్నించదు. అందుకే ఇన్నేళ్ళు నేనూ ప్రశ్నించుకోలేదు. మీ గుమ్మానికి ఎన్ని మెట్లు?