అశాంతి వేళ దీర్ఘవ్యాధి - తవక్కుల్ అసలు అర్థం

దీర్ఘవ్యాధితో బాధపడేవారికి మంచిరోజులు, చెడ్డరోజులు అన్న తేడా ఉండదు. ఊరు ప్రశాంతంగా ఉన్నా, అట్టుడికిపోతున్నా మధుమేహ రోగికి ఇన్సులిన్ పడాల్సిందే. మూత్రపిండాలు పాడైనవారికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ జరగాల్సిందే. మూర్ఛవ్యాధి మందు, గుండె మందు, టి.బి. మందు మధ్యలో ఆపకూడదు. మరి బయట గొడవలు జరుగుతూ, బస్సులు ఆగిపోయి, దారిలో ఏం జరుగుతుందోనన్న భయం ఉన్నప్పుడు విశ్వాసి ఏం చేయాలి? ప్రమాదం ఉన్నా బయలుదేరాలా? లేక అల్లాహ్‌పై భారం వేసి ఇంట్లోనే ఉండిపోవాలా? ఇందులో ఏది తవక్కుల్?

ఇది ఎక్కడో దూరదేశాల్లో మాత్రమే తలెత్తే ప్రశ్న కాదు. సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలయ్యాక ఖార్తూమ్‌లో ఆసుపత్రులు వరుసగా మూతబడ్డాయి. అదే ఏడాది అక్టోబరు నుంచి గాజాలో బాంబుదాడుల మధ్య డయాలసిస్ అందక ఎందరో కిడ్నీ రోగులు ప్రాణాలు కోల్పోయారు. వారి కష్టం ముందు మన కష్టం చాలా చిన్నది. అయినా మన పల్నాడుకు కూడా ఈ ప్రశ్న కొత్త కాదు. మాచర్ల, గురజాల రాజ్యాల మధ్య పన్నెండవ శతాబ్దంలో జరిగిన యుద్ధాన్ని ఇప్పటికీ కథలుగా చెప్పుకునే నేల ఇది. 2020లో కరోనా లాక్‌డౌన్ కాలంలో నరసరావుపేట రెడ్‌జోన్‌గా మారి వీధులన్నీ మూతబడ్డాయి. 2024 మే 13న పోలింగ్ జరిగిన రోజునా, ఆ తర్వాతి రోజుల్లోనూ మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతాలు ఘర్షణలతో అట్టుడికాయి. జిల్లా అంతటా 144 సెక్షన్ విధించారు. దుకాణాలు మూతబడ్డాయి. భయంతో ఇళ్లకు తాళాలు వేసి వెళ్లిపోయిన కుటుంబాలూ ఉన్నాయి.

అలాంటి రోజుల్లో మాచర్ల దగ్గరి ఒక పల్లెను ఊహించుకుందాం. గుంటూరు పెద్దాసుపత్రి అక్కడికి వంద కిలోమీటర్ల పైమాటే. ఇంట్లో పెద్దాయనకు డయాలసిస్ రోజు దాటిపోయింది. కాళ్లు వాచాయి, ఆయాసం మొదలైంది. కొడుకు "అబ్బా, బయలుదేరదాం" అంటాడు. "వద్దు బేటా, అల్లాహ్‌పై భారం వేశాను, రాసి ఉన్నదే జరుగుతుంది" అంటాడు తండ్రి. వినడానికి ఆ మాట ఎంతో గొప్ప విశ్వాసంగా అనిపిస్తుంది. కాని నిజంగా అది విశ్వాసమేనా, లేక భయానికి మనం తొడిగిన విశ్వాసపు ముసుగా అన్నది మనం నిజాయితీగా ఆలోచించుకోవాలి.

దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చిన పల్లెవాసులు తాము వైద్యం చేయించుకోవచ్చా అని అడిగినప్పుడు, చేయించుకోమనే ఆయన ఆదేశించారు. వార్ధక్యానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని తెలియజేశారు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడితే ఆయన్ను పరామర్శించి, దుఆతో సరిపెట్టక, తాయిఫ్ వైద్యుడైన హారిస్ బిన్ కలదా దగ్గరకు వెళ్లమని సలహా ఇచ్చారు. కనుక వైద్యం తవక్కుల్‌కు విరుద్ధం కాదన్న విషయంలో సందేహానికి తావులేదు. చిక్కల్లా దారి ప్రమాదకరంగా ఉన్నప్పుడే.

ఆ చిక్కుకు సమాధానం హిజ్రత్ ప్రయాణంలో ఉంది. మక్కాలో ప్రవక్త (స) ప్రాణాలకు అప్పుడు అడుగడుగునా ముప్పు ఉంది. ఆయన్ను పట్టితెచ్చిన వారికి వంద ఒంటెలు బహుమానమని ఖురైషులు ప్రకటించారు. అల్లాహ్ సహాయంపై ఆయనకున్నంత నమ్మకం మరెవరికి ఉంటుంది? అయినా ఆయన ఒక్క జాగ్రత్త కూడా వదలలేదు. మదీనా ఉత్తరాన ఉంటే, ముందు దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లారు. ఒంటెలు ముందే సిద్ధమయ్యాయి. హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమారుడు పట్టణపు వార్తలు తెచ్చేవారు. కుమార్తె అస్మా (రజి) ఆహారం సమకూర్చారు. దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే వ్యక్తిని కూలికి కుదుర్చుకున్నారు. అతను ముస్లిం కాదు, ఖురైషుల మతంలోనే ఉన్నవాడు. కాని దారి తెలిసినవాడు, మాట తప్పనివాడు. అందుకే తమ ఒంటెలనూ, తమ రహస్యాన్నీ అతనికి అప్పగించారు.

ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న తర్వాత కూడా శత్రువులు గుహ ముఖద్వారం వరకు వచ్చేశారు. ఇక చేయగలిగింది ఏమీ మిగలని ఆ క్షణంలో ప్రవక్త (స) తన సహచరునికి అల్లాహ్ తోడును గుర్తుచేసి ధైర్యం చెప్పారు. చేయగలిగినదంతా చేసిన తర్వాత, చేతిలో లేనిదాన్ని అల్లాహ్‌కు అప్పగించి నిశ్చింతగా ఉండటమే తవక్కుల్. ఒంటె మోకాలికి తాడు కట్టి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న బోధన కూడా ఇదే.

అయితే దీని అర్థం ఎంత ప్రమాదమున్నా కళ్లు మూసుకుని రోడ్డెక్కమని కాదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో ఉండగా అక్కడ మహమ్మారి ప్రబలిందన్న వార్త అందింది. ఆయన సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. ఇది అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ ఒక నిర్ణయం నుంచి అల్లాహ్ మరో నిర్ణయం వైపుకే వెళ్తున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. లోయలో ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే పశువులను ఎటు మేపినా అది అల్లాహ్ నిర్ణయమే కదా అని ఉదాహరణ చెప్పారు. అంటే విధిని నమ్మినవాడు కూడా రెండు దారులను తూచి చూసుకోవాలి.

ఆ పల్లెలోని పెద్దాయన ఇంటివారు కూడా తూచవలసింది ఇదే. నెలవారీ పరీక్ష, అద్దాల మార్పు, పాత మోకాలి నొప్పి మూడు రోజులు ఆగుతాయి. వీటికోసం కొడుకును అల్లర్లలోకి పంపడం వివేకం కాదు. డయాలసిస్ తప్పి ఆయాసం వచ్చినప్పుడు, చక్కెర పడిపోయి స్పృహ తప్పినప్పుడు, గుండెలో నొప్పి వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో కూర్చోవడమే పెద్ద ప్రమాదం. అప్పుడు 108కు ఫోన్ చేయాలి, పోలీసుల సహాయం అడగాలి. ఇలాంటి నిషేధాజ్ఞలు గుంపులు గుమికూడటాన్ని నిషేధిస్తాయే గాని రోగిని ఆసుపత్రికి తీసుకుపోవడాన్ని నిషేధించవు. ఈ విషయం తెలియక, భయంతో ఆగిపోయి ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

హిజ్రత్‌లోని ఒంటెల్లాగే మన ఏర్పాట్లు కూడా ముందే జరగాలి. ఎన్నికల తేదీ, లెక్కింపు తేదీ ముందే తెలుస్తాయి. కనీసం రెండు వారాల మందులు ఇంట్లో ఉండాలి. మందుల చీటీ, ఆరోగ్య కార్డు ఒకే సంచిలో ఉండాలి. డయాలసిస్ రోగి ఆ వారం తేదీలు ముందుకు జరపడానికి వీలవుతుందా, దగ్గరలో మరో కేంద్రం ఉందా అని అడిగి పెట్టుకోవాలి. డయాలసిస్ తప్పేలా ఉంటే నీళ్లు, ఉప్పు, అరటిపండ్లు, కొబ్బరినీళ్ల విషయంలో డాక్టరు చెప్పిన హద్దు దాటకూడదు. రెంటచింతల ఎండలు మనకు తెలియనివి కావు. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే ఇన్సులిన్‌ను నీరు తగలని డబ్బాలో ఉంచి, తడి ఇసుకలో నిలిపిన మట్టికుండలో పెట్టుకోవచ్చు. రోగం ముదిరాక ఊళ్లో ఆర్.ఎం.పి. ఇచ్చే ఇంజెక్షన్‌తోనో, తాయెత్తుతోనో కాలం గడపడం తవక్కుల్ అనిపించుకోదు.

ఇక అన్నిటికంటే బరువైన బాధ్యత రోగిది కాదు, చుట్టూ ఉన్న మనది. ఒకే మస్జిద్‌లో భుజం భుజం కలిపి ఒకే వరుసలో నిలబడేవాళ్లమే బయటికొచ్చాక వేర్వేరు పార్టీల జెండాలు పట్టుకుంటున్నాం. జెండా పట్టుకోవడం తప్పని మేము అనడం లేదు. కాని ఎదుటి పార్టీ ఇంట్లో ఉన్న రోగికి ఆటో వెళ్లనివ్వకపోతే, మందుల షాపుకు పోయే పిల్లవాణ్ణి ఆపి బెదిరిస్తే, మనం అడ్డుకున్నది ఒక పార్టీని కాదు, ఒక ప్రాణాన్ని. ఒక్క ప్రాణానికి ఖుర్ఆన్ ఎంత విలువ కట్టిందో తెలిసిన మనం రేపు ప్రళయదినాన దీనికి ఏం జవాబు చెబుతాం? పెద్దాయన భయపడి "వద్దు బేటా" అన్నాడంటే, ఆ భయం కలిగించినవారే ముందుగా జవాబుదారులు.

అలాగే రోగి కూడా సహాయాన్ని పార్టీ చూసి, మతం చూసి తిరస్కరించకూడదు. ప్రాణాపాయ ప్రయాణంలో ప్రవక్త (స) ముస్లిం కాని ఒక నమ్మకస్తుణ్ణి దారి చూపేవాడిగా ఎంచుకున్నప్పుడు, పక్కింటి హిందూ సోదరుని కారెక్కడానికి మనకు సంకోచమెందుకు? ప్రతి మస్జిద్ కమిటీ తన మహల్లాలోని దీర్ఘరోగుల జాబితా రాసుకోవాలి. గొడవల రోజుల్లో ఎవరింటికి మందు చేరాలి, ఎవరి బండి సిద్ధంగా ఉండాలి అన్నది మతం, పార్టీ చూడకుండా ముందే నిర్ణయించుకోవాలి. దానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, నాలుగు ఫోన్ నెంబర్లు, అల్లాహ్ పట్ల భయభక్తులు ఉంటే చాలు.

ఇంత చేసినా కొన్నిసార్లు దారి తెరుచుకోకపోవచ్చు, చికిత్స ఫలించకపోవచ్చు. సంవత్సరాల తరబడి వ్యాధిని సహించిన హజ్రత్ అయ్యూబ్ (అ)ను అప్పుడు మనం గుర్తుచేసుకోవాలి. ఆయన తన బాధను అల్లాహ్‌కు విన్నవించుకున్నారు, నిరాశ చెందలేదు. చేయవలసినదంతా చేసినవారికే ఆ సహనం ఓదార్పునిస్తుంది. చేయవలసింది చేయకుండా విధి పేరు చెప్పుకున్నవారికి మిగిలేది పశ్చాత్తాపమే.

రోగులకు స్వస్థతనూ, మన ఊళ్లకు శాంతినీ, సాటి మనిషి దారికి అడ్డం రాని మనసును మనందరికీ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.