స్క్రూజ్ ప్రశ్న, చర్లపల్లి గోడ



ఆగమన కాలం రాగానే మన విచారణల్లో నక్షత్రాలు కట్టడం, పశువుల పాకకు గడ్డి తేవడం, పిల్లలకు పాటలు నేర్పడం మొదలవుతాయి. వీటితోపాటు ఒక సాయంత్రం పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి సినిమా చూపించడం కూడా చాలాచోట్ల ఉన్నదే. మన తెలుగువాళ్లకు 1978 డిసెంబరులో విడుదలైన ‘కరుణామయుడు’ ఉండనే ఉంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు మాత్రం స్క్రూజ్ కథ కావాలంటారు. అడిగితే కాదనక్కరలేదు. కానీ ఆ కథను ఎన్నోసార్లు తెర మీదికి ఎక్కించారు. ఏది చూపిస్తున్నామో పెద్దవాళ్లం కాస్త చూసుకోవాలి.

తెలియనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఆంగ్ల రచయిత చార్లెస్ డికెన్స్ 1843 డిసెంబరు 19న ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. స్క్రూజ్ లండన్‌లో ఒక పిసినారి వ్యాపారి. క్రిస్మస్ ముందురోజు రాత్రి, ఏడేళ్ల కిందట చనిపోయిన అతని భాగస్వామి మార్లీ గొలుసులు ఈడ్చుకుంటూ వచ్చి హెచ్చరిస్తాడు. తర్వాత ముగ్గురు ఆత్మలు వచ్చి అతనికి గతాన్నీ, వర్తమానాన్నీ, రాబోయేదాన్నీ చూపిస్తారు. తెల్లవారేసరికి స్క్రూజ్ మారిన మనిషి.

పిల్లలకు ఆత్మలు గుర్తుంటాయి. గుమాస్తా క్రాచిట్ కొడుకు, కర్ర సాయంతో నడిచే చిన్నారి టిమ్ గుర్తుంటాడు. నేను చెప్పదలచుకున్నది మొదట్లోనే వచ్చే మరో చిన్న సన్నివేశం గురించి. పేదల కోసం చందా అడగడానికి ఇద్దరు పెద్దమనుషులు స్క్రూజ్ కొట్టుకు వస్తారు. అతను పైసా ఇవ్వకపోగా, జైళ్లూ పేదల పనిశాలలూ నడుస్తున్నాయో లేదో ఆరా తీస్తాడు. నడుస్తున్నాయని వాళ్లు చెప్పాక, వాటి ఖర్చు నేను భరిస్తూనే ఉన్నాను, గతిలేనివాళ్లు అక్కడికే పోవాలి అన్న ధోరణిలో మాట్లాడి పంపించేస్తాడు.

గమనించారా? స్క్రూజ్ దొంగ కాదు. పన్ను ఎగ్గొట్టినవాడు కాదు. తన వంతు కట్టేశానని నిజమే చెబుతున్నాడు. మనమూ రోజూ చెప్పే మాటే ఇది. పన్ను కడుతున్నాం, గుడి చందా ఇస్తున్నాం, ఇక మా జోలికి రావద్దు అంటాం. అలా కట్టేసినవాడికి బాధ్యత అక్కడితో తీరిపోతుందా అన్నదే ఈ కథలోని అసలు ప్రశ్న.

డికెన్స్‌కు ఈ సంగతి పుస్తకాల వల్ల తెలిసింది కాదు. 1824లో అతని తండ్రిని అప్పు తీర్చలేదని లండన్‌లోని మార్షల్సీ జైల్లో పెట్టారు. పన్నెండేళ్ల చార్లెస్ బూటుపాలిష్ తయారుచేసే చోట సీసాలకు కాగితాలు అంటించి కూలి సంపాదించాడు. జైళ్ల సంగతి స్క్రూజ్ నోట అంత తేలిగ్గా పలికించిన రచయిత ఆ జైలు గుమ్మం చూసినవాడు.

ఆ ప్రశ్నకు జవాబు కథ మధ్యలో వస్తుంది. రెండో ఆత్మ తన అంగీ మరుగు నుండి ఇద్దరు బక్కచిక్కిన పిల్లలను బయటికి తీస్తుంది. పిల్లవాడి పేరు అజ్ఞానం, పిల్ల పేరు లేమి. వీళ్లకు దిక్కెవరూ లేరా అని స్క్రూజ్ కంగారుపడితే, అంతకుముందు అతను జైళ్ల గురించి అన్న మాటలనే ఆత్మ తిరిగి అతనికి అప్పజెబుతుంది.

సినిమాలను వేరుచేసి చూడడానికి నాకు ఈ ఘట్టమే గుర్తు. 1938లో హాలీవుడ్‌లో ఎం.జి.ఎం. సంస్థ తీసిన చిత్రంలో ఈ పిల్లలు లేరు. రెజినాల్డ్ ఓవెన్ నటించిన ఆ స్క్రూజ్ సులువుగా మెత్తబడిపోతాడు. చూడ్డానికి హాయిగా ఉంటుంది, అంతే. 1992 నాటి ‘మప్పెట్’ బొమ్మల చిత్రంలోనూ పిల్లలను తీసేశారు. వీళ్లను తీసేస్తే స్క్రూజ్ మారడానికి మిగిలే పెద్ద కారణం తన సమాధిని తాను చూసుకోవడం. చావుభయంతో కలిగిన పశ్చాత్తాపం పనికిరాదని తిరుసభ అనదు. అది మొదటి మెట్టు అంటుంది. కానీ సినిమా ఆ మొదటి మెట్టు మీదే ఆగిపోతే, చూసిన పిల్లవాడికి మంచితనమంటే దయ్యాలకు భయపడడమే అనిపించదూ?

అన్నిటిలోకీ నాకు నచ్చింది 1951 నాటి బ్రిటిష్ చిత్రం. బ్రయన్ డెస్మండ్ హర్స్ట్ దర్శకత్వంలో అలస్టేర్ సిమ్ నటించాడు. ఆ పిల్లలు ఇందులో ఉన్నారు. పుస్తకంలో లేనిది ఒకటి చేర్చారు. స్క్రూజ్ సోదరి కాన్పులో చనిపోతూ, నా బిడ్డను చూసుకో అంటుంది. అతను అప్పటికే గది దాటి వెళ్లిపోయాడు, ఆ మాట వినలేదు. ఆత్మ వెంట తిరిగి వచ్చినప్పుడు, ముసలితనంలో, మొదటిసారి వింటాడు. క్రిస్మస్ నాడు ఆ మేనల్లుడి ఇంటికి వెళ్లి లోపలికి అడుగుపెట్టడానికి తటపటాయిస్తాడు. తలుపు తీసిన పనిమనిషి కళ్లతోనే ఫరవాలేదు, వెళ్లండి అన్నట్టు తల ఊపుతుంది. పాపసంకీర్తనానికి చాలా ఏళ్ల తర్వాత వచ్చి వరుసలో నిలబడినవారికి ఆ తటపటాయింపు ఏమిటో తెలుసు.

2009లో జిమ్ కేరీతో కంప్యూటరు మీద తీసిన చిత్రం హడావిడి ఎక్కువ, నాకు తలనొప్పి తెప్పించింది. అయినా ఒక్క చోట అది మిగతావాటికన్నా ముందుకెళ్లింది. అజ్ఞానం అనే ఆ పిల్లవాడు మన కళ్లముందే పెరిగి, కత్తి పట్టిన రౌడీ అయి, ఊచల వెనక్కి చేరతాడు.

అక్కడ నాకు చర్లపల్లి గుర్తుకొచ్చింది. ఈసీఐఎల్, కుషాయిగూడ, నాచారం, మల్లాపూర్ వైపున ఉండే మనకు జైలు దూరపు సంగతి కాదు. కేంద్ర కారాగారం మన మధ్యే ఉంది. ఖైదీలు సేద్యం చేసుకునే ఓపెన్ జైలూ ఇక్కడే ఉంది. పారిశ్రామికవాడకు డ్యూటీకి వెళ్లేవాళ్లు, చర్లపల్లి స్టేషన్లో రైలెక్కేవాళ్లు జైళ్లున్నాయా అని అడగనక్కరలేదు.

మీలో కొందరు అనబోయేది నాకు తెలుసు. వాళ్లు చేసిన తప్పో? వాళ్ల చేతిలో నష్టపోయిన కుటుంబాలో? న్యాయమైన ప్రశ్నే. ఆ కుటుంబం మీ పక్క బల్లపైనే కూర్చుని పూజ వింటూ ఉండవచ్చు. శిక్ష వద్దని నేననను, డికెన్స్ కూడా అనలేదు. శిక్ష వేయడం ప్రభుత్వం పని. కానీ మత్తయి సువార్త 25వ అధ్యాయంలో చెరసాలలో ఉన్నవారిని చూడబోయారా అని ప్రభువు అడిగింది ప్రభుత్వాన్ని కాదు. వాళ్లు నిర్దోషులై ఉండాలన్న షరతూ పెట్టలేదు. 2024 క్రిస్మస్ మరునాడు ఫ్రాన్సిస్ పోపుగారు రోము నగరంలోని రెబిబియ్య జైలుకు వెళ్లి, అక్కడ జూబిలి పవిత్ర ద్వారం తెరిచారు.

పుస్తకం చివర్లో స్క్రూజ్ ఆ చందా పెద్దమనిషినే వీధిలో కలుసుకుంటాడు. ఎంత ఇస్తాడో చెవిలో చెబుతాడు. అందులో పాత బాకీలు చాలా కలిసి ఉన్నాయని కూడా చెబుతాడు. నిన్నటిదాకా కట్టేశాను అన్నవాడు ఇవాళ బాకీ పడ్డాను అంటున్నాడు. పేదవాడికి ఇవ్వకుండా దాచుకున్నది పేదవాడిదే అని పునీత జాన్ క్రిసోస్తోము గారు బోధించిందీ ఇదే. 1970లో వచ్చిన పాటల చిత్రంలో ఆల్బర్ట్ ఫినీ స్క్రూజ్ తనకు రావలసిన అప్పులు మాఫీ చేస్తాడు. ఇక ఆ బొమ్మల చిత్రాన్ని ఇందాక తక్కువ చేశాను గాని, ఈ చోట అది గొప్పగా ఉంది. చందా అందుకున్న బొమ్మ తన మెడలోని ఎర్ర మఫ్లరు తీసి స్క్రూజ్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చేవాణ్ణి అనుకున్నవాడు పుచ్చుకుని నోట మాట రాక నిలబడిపోతాడు.

కాబట్టి మీ విచారణలో ఏ చిత్రం దొరికితే అది వేయండి. అందులో ఆ ఇద్దరు పిల్లలు లేకపోతే, లైట్లు వేశాక మీరే ఆ ముక్క చెప్పండి. వాళ్లు తర్వాత ఏమయ్యారని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. డికెన్స్ పుస్తకంలో వాళ్లు మళ్లీ కనబడరు.