అగ్నికి ముందు స్నేహం

తిరువూరు మీదుగా భద్రాద్రికి సాగే రహదారి పక్కన, కొత్త ట్రాక్టరు నుదుట పసుపు కుంకుమలు దిద్ది, చక్రాల కింద నిమ్మకాయలు అమర్చి, కొబ్బరికాయ కొట్టి, ఆ మీదటనే తాళంచెవి తిప్పే రైతు ఆచారంలో లోతైన భావమొకటి ఉన్నది. యంత్రగర్భంలో అగ్ని మేల్కొనడం సామాన్య విషయం కాదని, ఆ మేల్కొలుపుకు ముందు మనిషి కొంత నిశ్శబ్దాన్ని, కొంత వినయాన్ని సమర్పించుకోవాలని ఆ ఆచారం ఉపదేశిస్తుంది. అయితే ఆ ట్రాక్టరు ఇంజను కర్మాగారంలోనే అనేకమార్లు ప్రజ్వరిల్లి వచ్చినది గనుక, ఇక్కడ జరిగేది జననం కాదు, నామకరణం. యంత్రం నిజంగా పుట్టే ఘడియను దర్శించాలంటే, ఏళ్ల తరబడి రేకు రేకుగా, రివెట్టు రివెట్టుగా, స్వహస్తాలతో ఇంటివద్దనే విమానాన్ని కూర్చుకొన్న సాధకుని సన్నిధికి వెళ్ళాలి. అటువంటివారు మన దేశంలోనూ లేకపోలేదు. ముంబయిలో తాను నివసించే భవనం డాబాపైన ఆరుగురు కూర్చోదగిన విమానాన్ని నిర్మించి, 2017లో దానికి ప్రభుత్వ నమోదును సాధించిన అమోల్ యాదవ్ దీక్ష లోకవిదితమే.

విదేశాలలోని ఇటువంటి నిర్మాతలలో కొందరు మాజ్దా కార్లలోని ‘13బి’ రోటరీ ఇంజనును తమ విమానానికి అమర్చుకొంటారు. ఆ కొత్త విమానంలో అది తొలిసారి మేల్కొనే దినాన పాటించే విధిలోని క్రమాన్ని గమనించినవారికి ఒక సాధనామార్గమే కనిపిస్తుంది. విమానాన్ని బలమైన మోకుతో వెనుకకు కట్టి, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, మంటలార్పే సిలిండరును చేతికందే దూరంలో నిలిపి, ప్రొపెల్లర్ తిరిగే వలయం దరిదాపులలో ఎవ్వరూ నిలువకుండా చూచుకొన్న తరువాత కూడా నిప్పురవ్వకు అనుమతి లభించదు. స్పార్క్ ప్లగ్గులకు విద్యుత్తును, లోపలికి ఇంధనాన్ని నిలిపివేసి, కేవలం స్టార్టరు బలంతో ఇంజనును ఊరకే తిప్పుతారు. అప్పుడు చూపులన్నీ ఒకే ఒక ముల్లు మీద ఉంటాయి. అది ఆయిల్ ప్రెషర్ ముల్లు. పంపు నుండి బయలుదేరిన నూనె సన్నని దారుల వెంట ప్రాకి, బేరింగులను తడిపి, తన ఒత్తిడిని తెలియజేసినప్పుడే ఆ ముల్లు కదులుతుంది. అది కదిలేదాకా అగ్నికి ఆహ్వానం లేదు. తైలానికి, అనురాగానికి సంస్కృతభాష ఒకే పేరు పెట్టింది, అది స్నేహం. రాపిడికి లోనయ్యే రెండు కఠిన పదార్థాల నడుమ నిలిచి, రెంటినీ అంటి, దేనినీ గాయపడనీయనిది ఏదో అదే స్నేహం. పరమాత్మ జీవునిలో నిగూఢుడై ఉన్న తీరును చెప్పవలసి వచ్చినప్పుడు శ్వేతాశ్వతరోపనిషత్తు నువ్వులలోని నూనెను, అరణిలోని అగ్నిని ఒకే వరుసలో చేర్చి చూపింది. అక్కడ కూడా నూనె మొదట, నిప్పు చివర. ఈ వరుసను తారుమారు చేసేవారే సాధకులలో ఎక్కువమంది. ఉపవాసాలను, నియమాలను, మౌనాన్ని చేపట్టిన మొదటి దినాననే తీవ్రతను కోరి, ఇంట్లోనివారిపట్ల ఆర్ద్రత ఊరకముందే తపస్సును రగిలిస్తారు. దూర్వాసుని తపశ్శక్తికి లోటేమున్నది? స్నేహం తడపని ఆ శక్తి అంబరీషునిపై విరుచుకుపడి, చివరకు ఆ మహర్షినే ముల్లోకాలలో పరుగెత్తించింది.

ఈ ఇంజను నిర్మాణంలోకి ప్రవేశించేకొద్దీ భావం మరింత నిగూఢమవుతుంది. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ భావన నుండి పుట్టి, 1957 ఫిబ్రవరి 1న ఎన్ఎస్‌యూ సంస్థలో తొలిసారి తిరిగిన ఈ జాతి ఇంజనులో ముందుకూ వెనుకకూ కొట్టుకొనే పిస్టన్లు లేవు, తెరుచుకొని మూసుకొనే వాల్వులు లేవు. నడుము కొంచెం నొక్కుకొన్న అండాకారపు గదిలో ఉబ్బిన ముఖాలు గల త్రికోణమొకటి పరిభ్రమిస్తూ, ఒక్కొక్క ముఖంతో గాలిని గ్రహించి, బిగబట్టి, మండించి, విడిచిపెడుతుంది. ప్రాణాయామ పరిభాషలో అవి పూరక కుంభక రేచకాలు. ఒక ముఖం గ్రహిస్తున్న వేళనే మరొకటి బిగబడుతూ, ఇంకొకటి విడుస్తూ ఉంటుంది. త్రికోణం ఒక్క చుట్టు తిరిగేలోగా నడిమి ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. సత్త్వరజస్తమస్సులు ఒకదాని వెంట ఒకటిగా కాక ఏకకాలంలోనే మనిషిలో వర్తిస్తాయన్న సాంఖ్యుల దర్శనం ఇక్కడ స్ఫురించవచ్చు. కాని మూడు కనిపించిన ప్రతిచోటా త్రిగుణాలను వెదకడం పాండిత్యమే గాని తత్త్వదర్శనం కాదు. అసలు రహస్యం ఆ త్రికోణపు మూడు కొనలలో ఉన్నది. గది గోడను సదా ఒరుసుకొంటూ సాగే ఆ కొనలలోని సన్నని సీళ్ళు అరిగిపోకుండా ఉండాలంటే, కొద్ది కొద్దిగా నూనెను మంటలోకే పంపి, ఆ మంటలోనే దహించిపోనివ్వాలి. అందుకై విమాన నిర్మాతలలో పలువురు, పాత స్కూటర్లకు పోసినట్టే, పెట్రోలులో 2టీ ఆయిల్ కలుపుకొంటారు. మామూలు ఇంజను నూనె తాగితే అది రోగం. ఈ ఇంజనుకు నూనె తాగడమే ఆయుష్షు. తిరిగి రాదని తెలిసి కూడా అర్పింపబడే స్నేహం మీదనే దీని గమనమంతా ఆధారపడి ఉన్నది.

వాంకెల్ ఇంజనుకు అర్ధశతాబ్ది ముందే రోటరీ అన్న పేరును వేరొక ఇంజను ధరించింది. ఫ్రాన్సులో సెగ్యాఁ సోదరులు రూపొందించిన నోమ్ ఇంజనులో ఏడు సిలిండర్లు నక్షత్రాకారంలో అమరి, ప్రొపెల్లరుతోపాటు తామూ గిరగిర తిరుగుతుండగా, వాటి నడుమనున్న ఇరుసు మాత్రం విమానదేహానికి బిగింపబడి నిశ్చలంగా నిలిచి ఉండేది. 50 అశ్వశక్తుల ఆ ఇంజనుతోనే 1909 ఆగస్టులో రీమ్స్ విమానోత్సవంలో ఆన్రీ ఫర్మాన్ గగనవిహారం చేశాడు. ఆ నిశ్చలమైన ఇరుసు వేదాంతుల కూటస్థాన్ని గుర్తుకు తెస్తుంది. కూటమంటే కమ్మరి దాగలి. ఎన్ని ఇనుములు తనమీద రూపు మార్చుకొన్నా తాను మారనిది గనుక ఆత్మను కూటస్థమన్నారు. సర్వం తిరుగుతున్నా తాను తిరగని ఆ ఇరుసు కూటస్థానికి ఇనుములో పోసిన ప్రతిమ వంటిది. ఆ ఇంజనుకు పోసిన నూనె ఏదో తెలిస్తే తెలుగువారి మనస్సు ఒక్క క్షణం ఆగిపోతుంది: అది ఆముదం. పెట్రోలు ఆవిరి సంచరించే ఆ గర్భంలో ఖనిజతైలం పెట్రోలులో కరిగి పలచనై తన ధర్మాన్ని కోల్పోతుంది. ఆముదమో, అంత సులభంగా కరగదు. తామరాకుపై నీటిబిందువు ఉపమానాన్ని విని విని అలసిన చెవులకు ఇది కొత్త ఉపమానం కాగలదు. ఒక్కసారి లోనికి ప్రవేశించిన ఆముదం మళ్ళీ తొట్టిలోకి చేరదు. సిలిండర్లను తడిపి, తన పని ముగించి, పొగతోపాటు ఆకాశంలో కలిసిపోతుంది. ఏ చెట్టూ లేనిచోట మహావృక్షమని లోకం చులకన చేసిన ఆముదమే, నల్లగొండ, పాలమూరు మెట్టచేలలో పండి, పసిబిడ్డ మాడుకు చల్లదనమై, గర్భాలయంలో దీపమై వెలిగిన ఆ ఆముదమే, తొలితరం విమానాలను ఆకాశంలో నిలిపింది. నేటికీ మెకానిక్కు షెడ్డులలో వినిపించే కాస్ట్రాల్ అన్న పేరులో దాగినది ఆముదపు ఆంగ్లనామమే.

ఈ అంతరార్థచింతనను ప్రాచీనులకు విమాననిర్మాణం తెలుసునన్న వాదంగా ఎవరూ పొరబడకూడదు. వైమానికశాస్త్రం పేరిట ప్రచారంలో ఉన్న గ్రంథంలోని విమానాలు ఎగరజాలవని 1974లోనే బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు తేల్చారు; అందువల్ల భద్రాద్రిరాముని పుష్పకానికి వచ్చిన లోటేమీ లేదు. ఎందరు ఎక్కినా మరొకరికి చోటు మిగిలే విమానం ఏ లోహంతోనూ తయారు కాదు. అది స్నేహంతో విశాలమైన హృదయానికి పేరు.

స్నేహం ఒక్క క్షణం తొలగితే ఏమవుతుందో విమానచరిత్ర తన తొలి పుటలోనే లిఖించి పెట్టింది. రైట్ సోదరుల సైకిళ్ళ దుకాణంలో చార్లెస్ టేలర్ ఆరు వారాలలో నిర్మించిన నాలుగు సిలిండర్ల ఇంజను 1903 ఫిబ్రవరి 12న తొలిసారి ప్రాణం పోసుకొన్నది. మరునాడే, కారిన పెట్రోలు బేరింగు మీద పడి, బేరింగు బిగిసి, అల్యూమినియం పోత పగిలిపోయింది. కొత్త పోత ఏప్రిల్‌లో గాని అందలేదు. దానితో మళ్ళీ కూర్చిన ఇంజను మే నెలలో తిరిగింది. అదే ఇంజను ఆ ఏడు డిసెంబరు 17న కిట్టీహాక్ సమీపంలోని ఇసుకనేలపై మనిషిని 12 సెకన్లపాటు గాలిలో నిలిపింది.